లీటరుకు 3 రూపాయలు ఎక్కువంటున్న ‘ఆవుల సంక్షేమ’ పథకం: సంఘానికి పోయడం మానెయ్యొచ్చా?

షాద్‌నగర్_పాడి
హైదరాబాద్‌ల ఇంటింటికి పాలు తెచ్చిచ్చే ఒక కంపెనీ వాళ్లు మా ఊరికి వచ్చిన్రు. ఆవుల సంక్షేమ పథకం అంటున్నరు. ఆవులను కట్టెయ్యకుండ విడిచి పెంచాలె, కింద రబ్బరు మ్యాట్లు ఎయ్యాలె, రోజంత నీళ్లు ముందట ఉండాలె, నెలకోసారి పొదుగు వాపు పరీక్ష చెయ్యాలె, మందు వాడిన ఆవు పాలు వేరుగ పెట్టాలె. ఇవన్నీ జేస్తే రేటు మీద లీటరుకు 3 రూపాయలు ఎక్కువ ఇస్తరట. ఇప్పుడు సహకార సంఘానికే పోస్తున్నం. 5 సంకర ఆవులు, రెండు పూటలు కలిపి రోజుకు 30 కిలోల పాలు. సంఘంల రేటు పెరుగుతలేదని ఊర్ల అందరు గుర్రుగ ఉన్నరు. పోవాల్నా, ఉండాల్నా? ‘కంపెనీలన్నీ మోసమే’ అనుడు వద్దు, లెక్కలు జెప్పుర్రి.

యాచారం_పాలు
‘రేటు మీద 3 రూపాయలు’ అంటే ఏ రేటు మీద? ఎంత వెన్నకు (పాలల్ల కొవ్వు శాతం), ఎంత ఎస్‌ఎన్‌ఎఫ్‌కు (కొవ్వు, నీళ్లు పోను మిగిలే గట్టి పదార్థం)? చార్టు చూపించిన్రా?

చేవెళ్ల_రైతు
3 రూపాయలంటే 3 రూపాయలే. కళ్లు మూసుకొని పో అన్నా. సంఘం మనదే అంటరు గాని సర్వసభ్య సమావేశం ఎప్పుడు పెడ్తరో ఎవ్వరికి తెల్వదు. బిల్లు 15 రోజులకు రావాల్సింది నెల దాటుతది. దాణా కొట్టోడు ఆగుతడా?

లెక్కలమాస్టర్
షాద్‌నగర్ అన్నా, నువ్వు పాలు కిలోల్లో చెప్పావు, కంపెనీ రేటు లీటర్లలో చెప్పింది. మొదటి తేడా ఇక్కడే. లీటరు పాలు దాదాపు 1.03 కిలోలు తూగుతాయి. మీ సంఘం కిలో లెక్కన 40 రూపాయలు ఇస్తోందనుకో, 30 కిలోలకు 1,200. కంపెనీ వాళ్లు అదే 40 మీద 3 కలిపి లీటరుకు 43 ఇచ్చారనుకో. 30 కిలోలను 1.03తో భాగిస్తే 29.13 లీటర్లు, దానికి 1,252 రూపాయలు. అంటే రోజుకు నీకు ఎక్కువ వచ్చేది 90 కాదు, 52. కిలోకు 1 రూపాయి 75 పైసలు. 40 అనేది లెక్క కోసం తీసుకున్న అంకె, నీ స్లిప్పులో ఉన్న రేటు పెట్టుకుని మళ్లీ చెయ్యి.

ఇక కోత. మెషీన్ 4.08 చూపిస్తే స్లిప్పులో 4.0 అని కొట్టే చోట్లున్నాయి. రెండో అంకె వదిలేస్తే సగటున 0.05 వెన్న పోతుంది. కిలో వెన్నకు 300 లెక్కన చూసినా కిలో పాలకు 15 పైసలు, 30 కిలోలకు 4 రూపాయల 50 పైసలు. చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఏడాదికి 1,640 దాటుతుంది.

లాక్టోమీటర్‌తో (పాల చిక్కదనం కొలిచే గొట్టం) ఎస్‌ఎన్‌ఎఫ్ కట్టే చోటైతే ఏ సూత్రం వాడుతున్నారో అడగాలి. కొందరు సీఎల్‌ఆర్‌ని (పాల వేడికి తగ్గట్టు సరిచేసిన లాక్టోమీటర్ రీడింగ్) 4తో భాగించి, వెన్నని 0.21తో గుణించి కలిపి, పైన 0.36 వేస్తారు. ఇంకొందరు వెన్నకు 0.25, పైన 0.44 వేస్తారు. సీఎల్‌ఆర్ 28, వెన్న 4 ఉన్న పాలకు మొదటి దాంట్లో 8.20 వస్తుంది, రెండో దాంట్లో 8.44. పాలు అవే, ఆవు అదే. 8.5 కంటే తగ్గిన ప్రతి 0.1కి 25 పైసలు కోసే చార్టుంటే, 8.4కి 8.2కి మధ్య 50 పైసలు పోయినట్టే.

చేవెళ్ల_రైతు
మాస్టర్, ఈ కోతలన్నీ సంఘంల లేవా?

లెక్కలమాస్టర్
ఉంటాయి. అందుకే రెండు స్లిప్పులూ పక్కపక్కన పెట్టి చూడమంటున్నా. ఒకే పూట పాలను రెండు చోట్లా కొట్టించండి.

పాలకేంద్రం_సెక్రటరీ
సంఘం తరఫున ఒక మాట. బిల్లు ఆలస్యం నిజమే, దానికి సాకులు చెప్పను. కానీ ఎస్‌ఎన్‌ఎఫ్ తక్కువొచ్చిందని గొడవ పడే చాలా సందర్భాల్లో తప్పు పాలు పరీక్షించే తీరులో ఉంటుంది. లాక్టోమీటర్ 27 డిగ్రీల సెంటీగ్రేడ్‌కు గుర్తులు పెట్టినది. పితికిన వెంటనే తెచ్చిన పాలు 33 డిగ్రీలుంటే, ఒక్కో డిగ్రీకి 0.2 చొప్పున 1.2 కలపాలి. రీడింగ్ 26.5 అయితే సరైన సీఎల్‌ఆర్ 27.7. కలపడం మరిస్తే 4 వెన్న పాలకు 8.1 రావాల్సిన ఎస్‌ఎన్‌ఎఫ్ 7.8కి పడిపోతుంది. అప్పుడు రైతు నీళ్లు కలిపాడనే నింద కూడా పడుతుంది. థర్మామీటర్ లేకుండా లాక్టోమీటర్ ముంచేవాళ్లను అక్కడే ఆపి అడగండి.

ఇంకోటి, అప్పుడే పితికిన పాలల్లో గాలి ఉంటుంది, వెన్న ఇంకా గట్టిపడదు. లాక్టోమీటర్ రీడింగ్ అర నుంచి ఒకటి దాకా తక్కువే చూపిస్తుంది. కొద్దిసేపు ఆగి నురగ తగ్గాక చూడాలి.

శంకర్‌పల్లి_జెర్సీ
మెషీన్ ఉన్న చోట కూడా చూసుకోవాలి. బర్రె పాలు కొట్టి, మధ్యలో నీళ్లతో కడగకుండ వెంటనే ఆవు పాలు పెడితే పాత పాలు గొట్టంల ఉండి రీడింగ్ తప్పుతది. ఒకరికి లాభం, ఎనకొచ్చినోడికి నష్టం. మెషీన్ల ఆవుకు, బర్రెకు వేరే వేరే సెట్టింగులుంటయి, ఏది నొక్కిన్రో తెర మీద చూసుకోవాలె. నురగతోని పెట్టినా, పులుపు తిరిగిన పాలు పెట్టినా తప్పే చూపిస్తది. అనుమానముంటే వెన్న కొలిచే గర్బర్ పరీక్ష అడుగుర్రి. 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ పోసి సెంట్రిఫ్యూజ్‌ల తిప్పుతరు. మెషీన్‌కు, దీనికి ఎప్పుడూ 0.1 కంటే ఎక్కువ తేడా వస్తుంటే మెషీన్ సరిచేయించాల్సిందే.

కందుకూరు_ముర్రా
ఈ సంక్షేమ పథకాలన్నీ ఆవులకేనా? బర్రెలు పెంచేటోళ్ల సంగతేంది? 6.5 వెన్న పాలు మా దగ్గర కొంటరు, 3 వెన్న టోన్డ్ పాలు చేసి పట్నంల అమ్ముతరు. 100 కిలోల పాలల్ల 6.5 కిలోల వెన్న ఉంటే 3 కిలోలు ప్యాకెట్లకు పోతది, మిగిలిన మూడున్నర కిలోలు నెయ్యి అయితది. నెయ్యి ధర పెరిగినప్పుడు మా కిలో వెన్న రేటు కూడ పెరగాలె గద. సంఘాన్నైనా, కంపెనీనైనా నేను ముందు అడిగేది కిలో వెన్నకు ఎంత అని. లీటరు రేటు తర్వాత సంగతి.

యాచారం_పాలు
బర్రె పాలకు వెన్న మీదనే కడితే మీకు మంచిదే. ఆవు పాలకు వెన్న మీదనే కడితే మేం మునిగిపోతం. హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవుకు వెన్న 3.5 చుట్టే ఉంటది. అందుకే వెన్నకు ఒక రేటు, ఎస్‌ఎన్‌ఎఫ్‌కు ఒక రేటు వేరేగ కట్టే పద్ధతి వచ్చింది. మామూలుగ కిలో వెన్న రేటుల మూడింట రెండు వంతులు కిలో ఎస్‌ఎన్‌ఎఫ్‌కు పెడ్తరు.

పశువైద్యం_రిటైర్డ్
డబ్బు సంగతి మీరు చూస్తున్నారు. షరతుల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే వాటిల్లో కొన్ని కంపెనీ ఇచ్చినా ఇవ్వకపోయినా చేయాల్సినవే.

విడిచి పెంచడం మంచిదే. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) లెక్కలో పెద్ద ఆవుకు కప్పు కింద 3.5 చదరపు మీటర్లు, ఆరుబయట 7 చదరపు మీటర్లు. బర్రెకైతే 4, 8. మీ 5 ఆవులకు కప్పు కింద 17.5, బయట 35 చదరపు మీటర్లు కావాలి, అంటే కడీలు పాతి చుట్టూ కంచె వేసిన చిన్న జాగా సరిపోతుంది. ఇన్నాళ్లూ కట్టేసిన ఆవులను ఒక్కసారిగా కలిపి వదిలితే మొదట్లో పొడుచుకుంటాయి. చూలు మీద ఉన్నవాటిని, కొమ్ములు పెద్దగా ఉన్నవాటిని ముందు వేరుగా ఉంచండి. గాటి దగ్గర ఒక్కో ఆవుకు 60 నుంచి 75 సెంటీమీటర్ల చోటు లేకపోతే బలహీనమైనది తినలేదు, దాని పాలు తగ్గుతాయి.

రబ్బరు మ్యాట్ల విషయంలో నా అభిప్రాయం వేరు. సిమెంటు గచ్చు మీద కట్టేసే ఆవుకు మ్యాట్ తప్పనిసరి, మోకాళ్లు కమిలిపోకుండా. మట్టి, ఇసుక నేల ఉన్న దొడ్లో దానికి పని లేదు. పైగా మ్యాట్ కింద పేడ నీళ్లు నిలిచి పొదుగు వాపుకు కారణమవుతాయి. మ్యాట్ ఎత్తి కడిగే ఓపిక లేకపోతే వేయకపోవడమే మేలు. దీని బదులు ఇసుక పరుపు ఒప్పుకుంటారా అని కంపెనీని అడగండి.

నీళ్లు ఎప్పుడూ ముందుండాలన్నది మాత్రం వదలొద్దు. పాలలో ఎక్కువ భాగం నీళ్లే. ఎండాకాలం మన దగ్గర పెద్ద సంకర ఆవు రోజుకు 80 నుంచి 100 లీటర్ల దాకా తాగుతుంది. రెండు పూటలా బకెట్‌తో పెట్టే ఇంట్లో అది సగం దాహంతోనే ఉంటుంది.

పశువైద్యం_రిటైర్డ్
ఇందాక పొదుగు వాపు పరీక్ష గురించి రాయలేదు. సీఎంటీ (కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్) ద్రావణం, నాలుగు గుంటల తెడ్డు చాలు. మొదటి రెండు మూడు ధారలు పారబోసి, ఒక్కో చన్ను నుంచి 2, 3 మిల్లీలీటర్లు ఒక్కో గుంటలో పిండి, అంతే ద్రావణం పోసి పది, పదిహేను సెకన్లు గుండ్రంగా తిప్పండి. జిగురులా చిక్కబడితే ఆ చన్నుకు వాపు మొదలైనట్టే. పైకి ఏమీ కనిపించని ఈ దశలోనే ఎస్‌ఎన్‌ఎఫ్ పడిపోతుంది. ఎస్‌ఎన్‌ఎఫ్ కోతతో బాధపడేవాళ్లు ముందు ఈ పరీక్ష చేయండి.

మందు వాడిన పాలు వేరు చేయడమంటే, చివరి మోతాదు తర్వాత లేబుల్ మీద రాసినన్ని రోజులు. ఆవు బాగైనట్టు కనిపించిన రోజు నుంచి కాదు.

తార్నాక_గృహిణి
నేను కొనేదాన్ని, పాడి గురించి తెలియదు. ఆవులను బాగా చూసుకుంటున్నామని రాసిన సీసాల పాలు మా అపార్టుమెంట్లో చాలామంది కొంటున్నారు. మేం మామూలు ప్యాకెట్ కంటే చాలా ఎక్కువ పెడుతున్నాం. అందులో రైతుకు చేరేది 3 రూపాయలేనా?

లెక్కలమాస్టర్
అక్కా, చేరేది ఎంతో సీసా మీద రాయరు. మీలాంటి వాళ్లు కంపెనీని ఆ ప్రశ్న అడగడం మొదలుపెడితే మాకు మేలు. మామూలు ప్యాకెట్‌తో పోలిస్తే సీసా కడగడం, చల్లటి బండి, ఇంటికి తెచ్చే మనిషి ఖర్చులుంటాయి, అవి కాదనలేం. కానీ ఎక్కువ ధర ఆవుల పేరు మీదే అడుగుతున్నారు కాబట్టి ఆవులను చూసేవాడి వాటా చెప్పాల్సిన బాధ్యత వాళ్లదే.

లీడ్స్_తెలుగు
ఇంగ్లండ్‌లో ఈ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది కాబట్టి చెబుతున్నా. అక్కడి సూపర్ మార్కెట్ల కంపెనీ టెస్కో 2007లో తనకు పాలిచ్చే రైతులతో ఒక బృందం పెట్టి, ఉత్పత్తి ఖర్చు లెక్కగట్టి దాని మీద ధర ఇవ్వడం మొదలుపెట్టింది. బదులుగా ఆవుల ఆరోగ్యం, కుంటు, దూడల పెంపకం మీద షరతులున్నాయి. లోపల ఉన్న రైతుకు బాగుంటుంది. బయట ఉన్నవాళ్లు బజారు ధరకే అమ్ముకోవాలి. ఒకే ఊళ్లో రెండు ధరలు. 2015లో ధరలు పడిపోయినప్పుడు రైతులు సూపర్ మార్కెట్లలో పాల సీసాలన్నీ ట్రాలీల్లో నింపి అరలు ఖాళీ చేసి నిరసన తెలిపారు, ఒకచోట ఆవులనే లోపలికి తోలారు. 2024లో పాల కొనుగోలు ఒప్పందాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చారు, కొనేవాడు తన ఇష్టమొచ్చినట్టు ధర మార్చకూడదని. ఒప్పందం కాగితం లేకుండా పథకంలో చేరొద్దని నా సలహా. అక్కడ కూడా రైతులున్న యూరప్ సహకార సంఘం ఆర్లా, మేత, ఎరువు, కరెంటు లాంటి వాటిల్లో పర్యావరణానికి మేలు చేసే పనులకు పాయింట్లిచ్చి పాల ధరలో కలుపుతోంది. అంటే మంచి పద్ధతులకు ఎక్కువ ధర ఇవ్వడం కంపెనీలకే పరిమితం కాదు, సంఘం కూడా చేయగలదు.

చేవెళ్ల_రైతు
గదే అడగాలె సంఘాన్ని. మంచి పాలకు మంచి ధర మీరే ఇస్తే మేమెందుకు పోతం?

పాలకేంద్రం_సెక్రటరీ
ఒప్పుకుంటున్నా. ఎంబీఆర్‌టీ పరీక్షలో (రంగు ఎంతసేపటికి పోతుందో చూసి పాలల్లో సూక్ష్మజీవులను అంచనా వేసేది) 5 గంటలు నిలిచే పాలకు, గంటలో రంగు పోయే పాలకు ఒకే ధర ఇవ్వడం అన్యాయం. కానీ పాలన్నీ ఒకే బీఎంసీలో (పాలు చల్లబరిచే పెద్ద ట్యాంకు) కలిసిపోతాయి. మంచి పాలకు వేరే డబ్బా, వేరే కూలర్ లేకుండా వేరే ధర ఇస్తే ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? ముల్కనూరు మహిళా డెయిరీని చూడండి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఏర్పడింది, మిగులును సభ్యులకు పోసిన పాల లెక్కన పంచుతారు. సభ్యులు లెక్క అడిగే చోట అది సాధ్యమైంది.

కంపెనీకి పోయేవాళ్లు వదులుకునేవి కూడా లెక్కలో వేసుకోండి. ఒకటి, ఏడాది చివర బోనస్. రెండు, రాష్ట్ర ప్రభుత్వం సహకార డెయిరీలకు పోసేవాళ్లకు గతంలో ప్రకటించిన లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకం, అది ఇప్పుడూ అందుతుంటే. మూడు, కిసాన్ క్రెడిట్ కార్డు. పాడికి 2019 నుంచి ఇస్తున్నారు, పాల సంఘంతో ముడిపడిన రైతుకు పూచీకత్తు లేకుండా 3 లక్షల దాకా వీలుంది.

యాచారం_పాలు
4 రూపాయలను ఖాతాల పడ్డంకనే లెక్కల ఏసుకోవాలె. రేటుల కలిపి చూసుకుంటే తప్పు లెక్క వస్తది. కర్ణాటకల ప్రభుత్వం ఇచ్చే ప్రోత్సాహకం సీదా రైతు ఖాతాల వేస్తరు. 2025 ఏప్రిల్‌ల అక్కడి సహకార బ్రాండు నందిని పాల ధర 4 రూపాయలు పెంచినప్పుడు అది రైతుకే పోవాలని చెప్పిన్రు. మనం కొట్లాడాల్సింది దానికోసం.

కందుకూరు_ముర్రా
చలికాలం సంగతి ఎవ్వరు మాట్లాడ్తలేరు. బర్రెలు ఆగస్టు నుంచి నవంబరు దాక ఎక్కువ ఈంతయి, తర్వాత పాలు పొంగుతయి. పాలపొడి ధర పడిపోయిన ఏడు ప్రైవేటోళ్లు ఏం జేస్తరు? రేటు కోస్తరు, లేకుంటే ‘రేపు పాలు వద్దు’ అంటరు. వెన్న తీసిన పాలు 100 లీటర్లు ఎండబెడితే పొడి దాదాపు 9 కిలోలే వస్తది, దానికి ధర లేకుంటే ఎవ్వరు కొనరు. సంఘం రేటు తగ్గించినా పాలు మాత్రం తీసుకుంటది. ఆ 3 రూపాయలు డిసెంబరుల ఉంటయా అని రాయించుకో తమ్మీ.

షాద్‌నగర్_పాడి
ఇయ్యాల వాళ్ల కాగితం తెప్పిచ్చిన. మీరు చెప్పినవన్నీ ఒక్కొక్కటి చూసిన. తూకం కిలోల్లనే, డబ్బులు లీటర్లల్ల, మాస్టర్ చెప్పినట్టే. 3 రూపాయలు రావాలంటే ఆవు పాలల్ల ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5 ఉండాలె, వెన్న 3.8. తగ్గితే ఆ పూటకు సంక్షేమ డబ్బులు లేవు. అఫ్లటాక్సిన్ (బూజు నుంచి వచ్చే విషం) ఎక్కువొస్తే ఆ వారం పాలు వాపస్. ధర మార్చేటప్పుడు ముందుగ చెప్తరా లేదా అని ఎక్కడా రాయలేదు.

పశువైద్యం_రిటైర్డ్
8.5 అనేది చాలా పెద్ద షరతు. ఆవు పాలకు ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన కనీస ప్రమాణమే 8.3, వెన్న 3.2. మార్చి నుంచి జూన్ దాకా మన ఎండకు హెచ్‌ఎఫ్ సంకర ఆవులు మేత తగ్గించేస్తాయి, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5 కిందికి దిగుతుంది. అంటే మీరు విడిచి పెంచి, నీళ్లు పెట్టి, ఫ్యాన్లు తిప్పిన ఆ నాలుగు నెలలే ఆ డబ్బు రాదు. సంక్షేమానికి ఇచ్చే డబ్బును ఎస్‌ఎన్‌ఎఫ్‌కు ముడిపెట్టడం సరికాదు. దొడ్డి చూసి ఇవ్వాలి.

అఫ్లటాక్సిన్ మాత్రం న్యాయమైన షరతు. పాలలో కనిపించే దాని ఎం1 రకానికి పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములు. బూజు పట్టిన పత్తి చెక్క, పల్లి చెక్క, మక్కల నుంచే వస్తుంది, మరిగించినా పోదు. వానాకాలంలో చెక్క సంచులు నేల మీద పెట్టకండి, కర్ర బల్లల మీద, గోడకు అడుగు దూరంలో పేర్చండి. ముద్దకట్టిన చెక్కను విరిచి పెట్టడం కాదు, పారేయాలి.

శంకర్‌పల్లి_జెర్సీ
వెన్న 3.8 కావాలంటే వరిగడ్డి, చొప్ప తగ్గించి దాణా పెంచొద్దు, రివర్స్ అయితది. పీచు మేత తగ్గితే వెన్న పడిపోతది. గడ్డి మరీ సన్నగ కొట్టినా అంతే, అంగుళం పైనే ఉండాలె. ఆఖరి ధారలు ఆవుల వదిలిపెట్టొద్దు, ఎక్కువ వెన్న వాటిల్నే ఉంటది.

షాద్‌నగర్_పాడి
పొద్దటి పాలు సంఘానికి, మాపటి పాలు కంపెనీకి పోస్తే ఎట్లుంటది?

పాలకేంద్రం_సెక్రటరీ
ముందు మీ సంఘం బైలా (నియమావళి) చూడండి. పాలన్నీ సంఘానికే పోయాలని చాలా చోట్ల ఉంటుంది, ఏడాదిలో ఇన్ని రోజులు పోస్తేనే ఓటు, బోనస్ అని ఉంటుంది. పైగా పొద్దున పితికినప్పటి నుంచి మాపు పితికేదాకా గంటలు తక్కువ కాబట్టి మాపటి పాలల్లో వెన్న ఎక్కువ. మంచి పాలు అటుపోయి పల్చటివి సంఘానికొస్తే మిగతా సభ్యులు ఊరుకోరు.

చేవెళ్ల_రైతు
నేను మొదట కళ్లు మూసుకొని పొమ్మన్న. 8.5 షరతు చూసినంక ఆ మాట వాపస్ తీసుకుంటున్న. ఐనా సంఘం మీద నా కోపం మాత్రం తగ్గలేదు. ఊర్ల పది మంది కలిసి పోయి అడుగుర్రి, బిల్లు తారీఖు బోర్డు మీద రాయాలె, చార్టు గోడకు అంటించాలె, సర్వసభ్య సమావేశం తేదీ చెప్పాలె.

లెక్కలమాస్టర్
కంపెనీ దగ్గరికీ పది మంది కలిసే వెళ్లండి. రేటు కిలోకు కట్టమనండి. సంక్షేమ డబ్బు వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్‌తో సంబంధం లేకుండా నెలకోసారి దొడ్డి చూసి ఇవ్వాలనండి. ధర తగ్గించాలన్నా, పాలు ఆపాలన్నా 30 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలనండి. మ్యాట్లు, కంచె ఖర్చు మీరు పెడుతున్నారు కాబట్టి ఒప్పందం కనీసం రెండేళ్లు ఉండాలి. ప్రతి పరీక్షకు రెండు సీసాల నమూనా తీసి ఒకటి మీ దగ్గరే ఉండాలి. వీటిల్లో సగానికైనా ఒప్పుకోకపోతే 52 రూపాయల కోసం సంఘం సభ్యత్వం వదలడం నష్టమే.

షాద్‌నగర్_పాడి
రెండు సీసాల నమూనా అంటే మన దగ్గరున్న సీసా ఎన్ని గంటలు పనికొస్తది? ఊర్ల ల్యాబ్ లేదు, షాద్‌నగర్ పోవాలె.

శంకర్‌పల్లి_జెర్సీ
డబ్బాల పాలను అడుగు దాక గరిటెతోని పైకి కిందికి బాగ కలిపి, నురగ లేకుండ తీయాలె. పైపైన తీస్తే వెన్న ఎక్కువొస్తది, ఆ సీసాను వాళ్లు ఒప్పుకోరు. సీసా నిండ పోసి మూత గట్టిగ పెట్టాలె, లేకుంటే దార్ల కుదుపులకు వెన్న గడ్డలు కడ్తది. ఐస్ పెట్టెల పెట్టి అదే రోజు చేర్పించుర్రి, గడ్డకట్టనియ్యొద్దు. సీసా మీద తారీఖు, పూట, ఇద్దరి సంతకాలు ఉండాలె. పరీక్షకు ముందు 40 డిగ్రీల దాక వేడి చేసి, మెల్లగ తలకిందులు చేస్తూ కలిపి, చల్లార్చినంకనే మెషీన్ల పెట్టమని ల్యాబోళ్లకు చెప్పాలె.